పదిహేడు ఆర్ల ఎంత?

పోయిన ఆదివారం పొద్దున తొమ్మిది కూడా కాలేదు, గేటు చప్పుడైంది. చూస్తే నా పాత స్టూడెంటు, వెనుక వాళ్ళమ్మ. మర్రిగూడ అవతల తండా నుంచి మొదటి బస్సు పట్టుకొని వచ్చిన్రట. నల్లగొండ క్లాక్ టవర్ కాడ దిగి, అడుక్కుంట అడుక్కుంట మా ఇల్లు దొరకబట్టిన్రు. తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్, కవర్లో సంతకం పెట్టని ఫారం.

ఆ పిల్ల పదో తరగతి దాకా నా దగ్గరనే లెక్కలు చదివింది. ఇప్పుడు గురుకుల డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం. రెండేండ్ల నుంచి సెలవులు దొరికినప్పుడల్లా భువనగిరి గుట్ట మీద తాడు కట్టుకొని రాయి ఎక్కుడు నేర్చుకుంటున్నది. ఇప్పుడు డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ బేసిక్ కోర్సుకు పోతనంటున్నది. 28 రోజులు. సిక్కింలో ఉన్న వాళ్ళ బేస్ క్యాంపు ఎత్తు దాదాపు 14,600 అడుగులు.

తల్లి చాయ్ కప్పు కింద పెట్టి అడిగింది: "సారూ, అంత ఎత్తుకు పోతె మెదడుల మచ్చలు పడుతయంట గదా. మా తమ్ముని కొడుకు ఫోన్ల చూపించిండు. నిజమేనా?"

"ఏం గాదమ్మా" అనబోయిన. నోట్లో మాట నోట్లోనే ఉంది, ఆమెనే అందుకున్నది.

"ఏం గాదని చెప్పకుండ్రి సారూ. బోరింగు నీళ్ళు తాగేటప్పుడు సుత ఏం గాదనే అన్నరు. మా అత్త నడుము మీరు చూసిన్రు గదా."

చూసిన. నేను ఆ పక్క ఊరోన్నే. నవ్వితే నా ముందు పండ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ కనిపిస్తయి. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడు మా బోర్లలో ఎంత ఉండెనో చిన్నప్పుడు ఎవ్వరికీ పట్టలేదు. నీళ్ళు తేటగనే ఉండె, దూప తీరుతుండె. తాగినప్పుడు నొప్పి లేదు. మా నాయన మెడ తిప్పలేకపోయినంక తెలిసింది. అసుంటి ఊరి తల్లికి "నొప్పి లేదు కాబట్టి ఏం కాలేదు" అన్న లెక్క చెప్తే చెల్లదు.

అందుకే ఆమెకు నా సంగతి చెప్పిన. మా ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి. చెప్పినంక అనిపించింది, రాసి కూడా పెడితే మంచిదని.

2017 ఆగస్టు. నేను, మా బావమరిది కలిసి లద్దాఖ్‌లో స్టోక్ కాంగ్రికి పోయినం. 6,153 మీటర్ల కొండ. 2020 నుంచి దాన్ని మూసేసిన్రు గని, అప్పుడు కొండలెక్కే పిచ్చి ఉన్నోళ్ళందరికీ అదే మొదటి మెట్టు. మావాడు మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. పొద్దుగూకులు వడ్ల బస్తాలు, తేమ శాతం, తరుగు, ఈ లెక్కలే. క్యాలిక్యులేటర్ ముట్టడు.

మా తయారీ ఎట్లుండెనంటే, ఆరు నెలలు ప్రతి ఆదివారం వీపుకు పది కిలోల బియ్యం కట్టుకొని భువనగిరి కోట మెట్లు రెండుసార్లు ఎక్కి దిగినం. నా పిక్కలు ఇనుప గుండ్ల లెక్క అయినయి. అదే నా కొంప ముంచింది. భువనగిరి ఒక్క రాయి, ఎత్తు అయిదు వందల అడుగుల పైచిలుకు. దాని నెత్తి మీద ఉన్నది మన నల్లగొండ గాలే. కాళ్ళ బలానికి, పల్చటి గాలి తలకు పడుడుకు చుట్టరికం లేదు. పైగా కాళ్ళు గట్టిగున్నోడు తొందర తొందరగ ఎక్కి ముందుగాల పడతడు.

నల్లగొండ సముద్ర మట్టానికి కొన్ని వందల మీటర్ల పైన ఉంటది, అంతే. లేహ్ 3,500 మీటర్లు. విమానం మమ్ముల్ని ఒక్క పూటలో అక్కడ దించింది. కనీసం రెండు మూడు రోజులు ఊరికే పండుకోవాలె. నాకున్నవి లెక్కపెట్టిన సీఎల్‌లు కాబట్టి ఒక్క రోజుతో సరిపెట్టుకున్నం. ఆ తర్వాత నడక. బేస్ క్యాంపు అయిదు వేల మీటర్లకు జర తక్కువ. శిఖరానికి పోవాల్సిన రోజు సాయంత్రం నుంచే నాకు తలనొప్పి. కిచిడీ రెండు చెంచాలు తిని పక్కకు పెట్టిన. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే గైడు గుడారంలోనే ఉండుమంటడని భయం. పారాసిటమాల్ మింగి రాత్రి పదకొండున్నరకు అందరితోని బయలుదేరిన.

మంచు దాటి, నిట్టనిలువుగ ఎక్కుతుంటే 5,700 మీటర్ల దగ్గర నాకు మస్తు హుషారొచ్చింది. తలనొప్పి ఉన్నదో పోయిందో కూడా గుర్తులేదు. బూటు కింద ముండ్ల క్రాంపాన్ పట్టీ ఊడింది. బకిల్‌లో పట్టీ దూర్చాలె, అంతే. మూడుసార్లు దూర్చిన, మూడుసార్లు పక్కకే పోయింది. నాకు నవ్వొచ్చింది. కుడి చేతి గ్లౌజు తీసి మంచులో పారేసిననట, అది నాకు యాదికి లేదు.

బావమరిది టార్చి లైటు నా మొహం మీద కొట్టిండు. "ఎట్లున్నది" అని అడగలే. అడిగితే బాగున్ననే అందును.

"బావా, పదిహేడో ఎక్కం చెప్పు" అన్నడు.

పదిహేనేండ్ల సర్వీసు నాది. చెప్పిన. పదిహేడొకట్ల పదిహేడు, రెండ్ల ముప్పై నాలుగు, మూళ్ళ యాభై ఒకటి, నాలుగుల అరవై ఎనిమిది, అయిదుల ఎనభై అయిదు, ఆర్ల నూట పన్నెండు.

"నూట రెండు గదా బావా."

"నువ్వు నాకు ఎక్కాలు చెప్తవారా? నూట పన్నెండే."

అక్కడితో ఆపలే. ఏడ్ల నూట ఇరవై తొమ్మిది, ఎనిమిదుల నూట నలభై ఆరు, తొమ్మిదుల నూట అరవై మూడు, పదుల నూట ఎనభై. చూడుండ్రి, పదిహేడు కలుపుడు తప్పలే. తప్పిన కాడి నుంచి సక్కగ కలుపుకుంట పోయిన. పదిహేడు పదుల నూట ఎనభై అని ఒక లెక్కల సారు నోటితోని అన్న, నాకు సిగ్గు కాలే. ఇంకా వాని మీదనే కోపమొచ్చింది.

గైడు లద్దాఖీ పిల్లగాడు. తెలుగు ముక్క రాదు. కాని మా కొట్లాట చూసి అర్థం చేసుకున్నడు. ఐస్ యాక్స్‌తోని మంచు మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిచ్చుకుంట నడువుమన్నడు. మూడో అడుగుకు పక్కకు ఒరిగి పడ్డ. అంతే, తాడు నా నడుముకు బిగించి మొహం కిందికి తిప్పిండు. బతిమిలాడిన, తిట్టిన, వినలే. బేస్ క్యాంపులో కూడా ఆపకుండ ఇంకా కిందికి దించిన్రు. మధ్యాహ్నానికి నా తలకాయ నాకు తిరిగొచ్చింది. శిఖరం నాలుగు వందల యాభై మీటర్ల దూరంలో ఉండంగ నాతోని కలిసి దిగిన మా బావమరిది ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలే. పండుగలకు వచ్చినప్పుడు మాత్రం మా పిల్లల ముందర "ఆర్ల ఎంత బావా" అంటడు.

ఏమైందంటే, ఎంత పైకి పోయినా గాలిలో ఆక్సిజన్ పాలు మారది, నూటికి 21 వంతులే. మారేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల కాడ అది సముద్ర మట్టంలో ఉన్నదానికి సగం. ఎవరెస్టు మీద మూడో వంతు. ఒత్తిడి తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ సరిగ్గ ఎక్కది. మెదడు మన బరువులో నూటికి రెండు వంతులే ఉంటది గని, ఒంటికొచ్చే ఆక్సిజన్‌లో అయిదో వంతు అదే తింటది. దానికి తక్కువైతే మెదడులో రక్తనాళాలు వెడల్పయి రక్తాన్ని ఎక్కువ గుంజుకుంటయి. కొందరిలో ఆ నాళాల గోడల నుంచి నీరు ఊరి మెదడు కండలోకి దిగుతది. పుర్రె మూత బిగించిన డబ్బా. లోపల ఉబ్బితే పోయే జాగా లేదు.

దీన్ని డాక్టర్లు 'హేస్' అంటరు. తెలుగులో మెదడు వాపు అని రాస్తే మనోళ్ళకు దోమ కుట్టి పిల్లలకు వచ్చే జబ్బే యాదికొస్తది. ఇది అది కాదు, ఇక్కడ పురుగూ లేదు, పుట్రా లేదు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవుడు దాకా ఉంటే మామూలు ఎత్తు జబ్బు. నడక తూలుడు, మాట తప్పుడు, మనిషి మారినట్టుండుడు మొదలైతే హేస్. పట్టించుకోకపోతే మగతలోకి పోయి, ఒక రోజులోనే ప్రాణం మీదికి వస్తది. మందులున్నయి, డెక్సామెథాసోన్ ఇస్తరు, ఆక్సిజన్ పెడతరు. కాని అసలు మందు కిందికి దిగుడే. నాకు కొద్దిగనే తగిలింది, తొందరగ దించిన్రు కాబట్టి ఇది రాస్తున్న.

మనలాగ ఒక్క పూటలో పైకి పోయినోళ్ళ కథ మన సైన్యమే ప్రపంచానికి చెప్పింది. 1962 యుద్ధం కాలంలో మైదానాల నుంచి సిపాయిలను విమానాల్లో హిమాలయాలకు ఎక్కించిన్రు. ఇందర్ సింగ్ అనే ఆర్మీ డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1,925 మంది సిపాయిల ఎత్తు జబ్బు వివరాలు 1969లో అచ్చు వేసిన్రు. తుపాకీ మోసే పడుచు పోరగాళ్ళు వాళ్ళంత. వయసు, బలం ఎవ్వరినీ కాపాడలే.

ఇంకో కథ నన్ను బాగ పట్టుకున్నది, ఇది కొండది కూడా కాదు. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో ముగ్గురు 'జెనిత్' అనే బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటి పోయిన్రు. పక్కన ఆక్సిజన్ సంచులు వేలాడుతున్నయి. చెయ్యి లేపి గొట్టం అందుకుంటే సాలు. క్రోచె స్పినెల్లి, సివెల్ ఇద్దరూ పోయిన్రు. బతికిన గాస్టన్ తిస్సాండియే ఏం రాసిండంటే, ఆ ఎత్తులో బాధే ఉండదు, లోపల ఒక రకం సంతోషమేస్తది, ప్రమాదం సంగతే మనసుకు రాదు అని. అది చదివినప్పుడు నాకు పారేసిన గ్లౌజు కండ్ల ముందర కనిపించింది.

అంత ఎత్తులో మనిషి లేని మనిషిని కూడా చూస్తడు. 1933లో ఎవరెస్టు మీద ఒంటరిగ పోతున్న ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లిషాయన తినే మిఠాయి బిళ్ళ తీసి, రెండు ముక్కలు చేసి, పక్కనున్న తోడుకు సగం ఇద్దామని తిరిగిండట. పక్కన ఎవ్వరూ లేరు. మన దగ్గర పొలం గట్టు మీద సద్ది విప్పినోడు ఇట్ల చేస్తే భూతవైద్యునికి కబురు పోతది.

ఇదంత విని ఆ తల్లి అన్నది: "అది పైన ఉన్నప్పటి సంగతి సారూ. కిందికొచ్చినంక?"

సక్కటి ప్రశ్న. పైన ఉన్నప్పుడు వచ్చేది వేరే, దిగినంక మిగిలేది వేరే. ఆమెకు అబద్ధం చెప్పలే. మచ్చల మాట నిజమే అన్న.

థామస్ హార్న్‌బీన్ అని అమెరికాలో మత్తు ఇచ్చే డాక్టరు ఉండె. 1963లో ఎవరెస్టును పడమటి గట్టు నుంచి ఎక్కినాయన. అంటే కొండ అంటే పడనోడు కాదు. 1989లో ఆయన తోటివాళ్ళతోని కలిసి ఒక పరిశోధన అచ్చు వేసిండు. 5,488 నుంచి 8,848 మీటర్ల దాకా పోయిన 35 మందికి పోకముందు పరీక్షలు పెట్టిన్రు, దిగొచ్చినంక నెల లోపల మళ్ళ పెట్టిన్రు. చూసిన బొమ్మలను కొంతసేపైనంక యాదికి తెచ్చుకునే శక్తి తగ్గింది. మాటల పరీక్షలో తప్పులు రెండింతలైనయి.

అందులో ఒక సంగతి చదివి నేను రెండు రోజులు ఆలోచించిన. ఆక్సిజన్ తక్కువైనప్పుడు గట్టిగ, వేగంగ ఊపిరి తీసే ఒళ్ళు కొండకు మంచిదని అందరం అనుకుంటం. నిజమే, అసుంటోళ్ళ రక్తంలో ఆక్సిజన్ జర ఎక్కువుంటది, పైదాకా పోతరు. కాని దిగినంక పరీక్షల్లో ఎక్కువ తగ్గింది వాళ్ళకే! కారణం ఇట్ల కావచ్చన్నరు: ఎక్కువ ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతది, అది పడిపోతే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటయి. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా మెదడుకు చేరే రక్తమే తగ్గుతది. కాలువలో నీళ్ళు తేటగున్నయి, మన పొలం తూము మూసుకున్నది, గట్లన్న మాట. కొండ ఎక్కనిచ్చిన ఒళ్ళే తలకాయ దగ్గర పైసలు వసూలు చేసింది.

ఫోన్లో ఆ పిల్లగాడు చూపించింది బహుశా స్పెయిన్ డాక్టర్లది. 2006లో వచ్చింది. 35 మంది పర్వతారోహకుల ఎంఆర్ఐ తీసిన్రు. వాళ్ళల్లో ఎవరెస్టుకు పోయినోళ్ళు 13 మంది. ఆ 13 మందిలో ఒక్కరిదే మామూలుగ ఉన్నది. మిగిలినోళ్ళల్లో ఎక్కువమందికి మెదడు పైపొర కొంచెం సన్నబడుడు, రక్తనాళాల చుట్టున్న సందులు పెద్దగవుడు కనిపించినయి. ఇంకోవైపు, హేస్ వచ్చి బతికినోళ్ళ మెదడులో కుడి ఎడమలను కలిపే కార్పస్ కల్లోసం అనే తాళ్ళ కట్టలో సన్న సన్న రక్తపు చుక్కలు ఏండ్ల తర్వాత కూడా ఎంఆర్ఐలో దొరుకుతున్నయి.

లెక్కల సారును కాబట్టి ఆ తల్లికి ఇంకో మాట కూడా చెప్పిన. పదమూడు మంది అంటే మా స్కూల్లో రెండు బెంచీల పిల్లలు. స్పెయిన్ లెక్కలో వాళ్ళు కొండకు పోకముందు మెదడు ఎట్లుండెనో తీసిపెట్టిన ఫొటో లేదు. మెదడు ఫొటోలో మార్పు కనిపించిన ప్రతి మనిషికీ బతుకులో తేడా వచ్చిందని కూడా కాదు. అందుకని కొట్టిపారేస్తనా అంటే, పారెయ్య. 1978 మే 8న మెస్నర్‌తోని కలిసి ఆక్సిజన్ సీసా లేకుండ ఎవరెస్టు ఎక్కిన హాబెలర్, మెదడు పాడైతదన్న భయంతోని శిఖరం నుంచి కింద క్యాంపు వేసే సౌత్ కల్ అనే కనుమ దాకా గంటలో దిగొచ్చిండు. ఆయన భయానికి అర్థముంది.

పిల్ల అప్పటిదాకా తలవంచుకొని కూచున్నది. "పూర్ణ అక్క ఎక్కలేదా సార్" అన్నది.

ఎక్కింది. 2014 మే 25న, పద్నాలుగేండ్లు నిండకముందే. పాకాల నుంచి వచ్చి, మన భువనగిరి గుట్ట మీదనే మొదటిసారి తాడు పట్టిన పిల్ల మాలావత్ పూర్ణ. ఆ తర్వాత ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి 2022లో ముగించింది. నా కండ్లకు ఆమె అంటే దండం పెట్టాలనిపిస్తది. కాని బిడ్డా, ఒకరికి ఏం కాలేదంటే నీకు కాదని లెక్క తేలదు అన్న. మూతి ముడిచింది.

తల్లికి చెప్పింది ఏందంటే, ఎవరెస్టు వేరే, ఈ కోర్సు వేరే. 14,600 అడుగుల కాడ తలనొప్పి రావచ్చు, హేస్ రావుడు అరుదు, కాని రావచ్చు. అక్కడికి నేను పోయినట్టు విమానం దిగి ఉరుకరు, రోజుకింత నడిపిస్తరు. మూడు వేల మీటర్లు దాటినంక రాత్రి పండుకునే జాగా రోజుకు అయిదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరగొద్దు, మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలె. ఎత్తు జబ్బు రాకుండ వేసుకునే డైమాక్స్ గోళి సంగతి ముందుగాల డాక్టరును అడగాలె, సల్ఫా మందులు పడనోళ్ళు తప్పక చెప్పాలె.

పిల్లకు ఒక్కటే చెప్పిన. తలనొప్పి వస్తే దాచొద్దు. నీకు నువ్వు బాగున్నవో లేదో నీకు తెల్వది, ఆ తెలిసే జాగనే ముందుగాల చెడుతది. నీ తాడు పంచుకునే పిల్లతోని రోజూ సాయంత్రం ఎక్కం చెప్పుకో, గీత మీద నడువు, ఆమెను నడిపించు. ఆమె దిగుమంటే కొట్లాడకుండ దిగు.

నా సంగతి కూడా అడిగిన్రు. ఆ తర్వాత తలనొప్పులొస్తుంటే హైదరాబాదులో ఎంఆర్ఐ తీయించుకున్న, రిపోర్టు మామూలుగ వచ్చింది. గట్లని ఈ మధ్య హాజరు పిలిచేటప్పుడు పిల్లల పేర్లు నోటి దాకా వచ్చి ఆగుతున్నయి. నలభై ఆరేండ్ల వయసా, స్టోక్ కాంగ్రి రాత్రా, పొద్దంత స్టాఫ్ రూములో వాట్సాప్ చూసుడా? 2017కు ముందు నా తలకాయకు ఎవ్వరూ పరీక్ష పెట్టలేదు, పోల్చుకోనీకి ఏమీ లేదు.

ఫారం శుక్రవారం లోపల పంపాలె. తల్లి దాన్ని మడిచి కవర్లో పెట్టుకున్నది. వాళ్ళాయన ఆటో తోలి రాత్రికి వస్తడట, అడిగి చెప్తనన్నది. చెప్పుల్లో కాలు పెట్టి, మళ్ళ తిరిగి, "మరి మీరు ఇప్పుడు చెప్పుండ్రి సారూ, ఆ ఎక్కం" అన్నది.

ఆమెకు చదువు రాదు. బిడ్డ దిక్కు చూసింది, నువ్వు విను అన్నట్టు. నేను గేటు పట్టుకొని మొదలుపెట్టిన. పదిహేడు అయిదుల ఎనభై అయిదు దాకా పోయినంక పిల్ల పెదవులు నాతోని కలిసి కదులుతున్నయి.